సీరియల్ డేట్లు, సినిమా వేషం, కారు లోను: ముందు ఏది?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక సీరియల్‌కు రోజుకు రూ.8,000 చొప్పున నెలకు 15 రోజులు పనిచేస్తున్నాను. టీడీఎస్ (చెల్లించేవారు ముందే మినహాయించుకునే పన్ను) పోను రూ.1.08 లక్షలు వస్తున్నాయి. ఈ ఏడాదే ఒక సినిమాలో మంచి వేషం దొరికింది, పారితోషికం రూ.3.6 లక్షలు. సీరియల్ మానేసి సినిమాలకే ప్రయత్నించాలనుంది. రూ.22,000 ఈఎంఐతో కారు కూడా కొందామనుకుంటున్నాను. సలహా ఇవ్వండి.

జవాబు: కారు ఇప్పుడు వద్దు. సీరియల్ మానడానికి మాత్రం దారి ఉంది, దానికి ఒక ఏడాది పడుతుంది.

మీరు ఏడాదికి ఎంత సంపాదిస్తారన్నది ఒక లెక్క. పని లేకుండా ఎన్ని నెలలు నిలబడగలరన్నది ఇంకో లెక్క. మీ వృత్తిలో రెండోదే ముఖ్యం. రేటింగ్ తగ్గితే సీరియల్ ఆపేస్తారు, లేదా మీ పాత్రను ముగిస్తారు. అందుకే వచ్చిన పేమెంట్లన్నీ ఒకే ఖాతాలో పడనివ్వండి. అక్కడి నుంచి ప్రతి నెలా 1న రూ.50,000 ఇంటి ఖర్చుల ఖాతాకు జీతంలా మళ్లించండి. కాస్ట్యూమ్స్, ఫొటోషూట్లు, జిమ్, మేనేజర్ కమిషన్‌కు రూ.20,000 పక్కన పెట్టండి. మిగిలే రూ.38,000 లిక్విడ్ ఫండ్‌లోకో (తక్కువ రిస్కుతో, త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్), స్వీప్ ఎఫ్‌డీలోకో (పొదుపు ఖాతాకు జోడించిన ఫిక్స్‌డ్ డిపాజిట్) వెళ్లాలి. ఏడాదికి రూ.4.56 లక్షలు అవుతాయి, అంటే తొమ్మిది నెలల ఇంటి ఖర్చు. ఈ సొమ్ము షేర్లలో పెట్టొద్దు. మీకు పని లేని నెలలోనే మార్కెట్ కూడా పడిపోయి ఉండొచ్చు.

కారు కొంటే ఈఎంఐ, పెట్రోలు, బీమా కలిపి నెల ఖర్చు రూ.80,000కు చేరుతుంది. అదే నిధి ఆరు నెలలకు కూడా చాలదు. అప్పుడు నచ్చని వేషాన్ని కాదనే అవకాశం పోతుంది. నాకు అన్నిటికన్నా బాధగా అనిపించేది అదే.

ఇక టీడీఎస్. చాలామంది కొత్త నటులు దాన్ని పోయిన డబ్బు అనుకుని వదిలేస్తారు. సీరియల్ రూ.14.4 లక్షలు, సినిమా రూ.3.6 లక్షలు కలిపి మీ రాబడి రూ.18 లక్షలు. నిర్మాతలు అందులో 10 శాతం, అంటే రూ.1.8 లక్షలు మినహాయిస్తారు. ఫిల్మ్ ఆర్టిస్టులకు 44ఏడీఏ సెక్షన్ కింద రాబడిలో సగాన్నే ఆదాయంగా చూపే వీలుంది. అలా మీ ఆదాయం రూ.9 లక్షలు. 2025-26లో కొత్త పన్ను విధానంలో రూ.12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు (పన్ను మాఫీ) ఉంది కాబట్టి పన్ను సున్నా. రిటర్న్ వేస్తే ఆ రూ.1.8 లక్షలు వెనక్కి వస్తాయి. ఈ సెక్షన్ ఫిల్మ్ ఆర్టిస్టులకు కాబట్టి, సీరియల్ పారితోషికాన్ని ఇందులో చూపే ముందు మాత్రం సీఏను తప్పక సంప్రదించండి.

ఇక్కడ ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, నిర్మాత టీడీఎస్ మినహాయించినా ప్రభుత్వానికి కట్టకపోవడం. మూడు నెలలకోసారి ఆదాయపు పన్ను సైట్‌లో 26ఏఎస్ (మీ పేరున జమైన పన్ను వివరాల పత్రం) చూసుకోండి. మినహాయించిన సొమ్ము అందులో కనబడకపోతే నిర్మాతను వెంటనే అడగండి, షూటింగ్ ముగిశాక అడిగితే ఆఫీసులో ఫోన్ ఎత్తేవారు ఉండరు.

జీఎస్టీ గీతకు మీరు దగ్గర్లోనే ఉన్నారు. ఇన్‌స్టా ప్రమోషన్లు, షాపు ప్రారంభోత్సవాలు కలిపి ఏడాది రాబడి రూ.20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, పన్ను 18 శాతం. అగ్రిమెంట్‌లో ‘జీఎస్టీ అదనం’ అన్న మాట లేకపోతే అది మీ జేబులోంచే పోతుంది.

సినిమా అగ్రిమెంట్‌లో వాయిదాల తేదీలు రాయించుకోండి. అడ్వాన్సు, షెడ్యూల్ వారీ చెల్లింపులు పోను మిగిలినదంతా డబ్బింగ్‌కు ముందే చేతికి రావాలి. మీ గొంతు ఇచ్చేశాక బాకీ అడగడానికి పట్టు ఉండదు.

సినిమా డబ్బులోంచి రూ.10 లక్షల ఆరోగ్య బీమా, వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకోండి. కాలు విరిగి మంచాన పడితే వారం వారం పరిహారమిచ్చే పాలసీని ఎంచుకోండి. దరఖాస్తులో వృత్తి ‘నటన’ అనే రాయండి. ఫైట్ సీన్లలో తగిలే గాయాలకు మినహాయింపు ఉందేమో కొనేముందే చదవండి. తొమ్మిది నెలల నిధి పూర్తయ్యాక, సినిమా బాకీ కూడా అందాక సీరియల్ వాళ్లకు ముందుగా చెప్పి బయటికి రండి.