చిన్న సైజు బట్టలు ముందే కొని పెట్టుకుంటే బరువు తగ్గుతామా?

కొన్నంత మాత్రాన తగ్గరు. ఒక సైజు చిన్నదైతే కొంతమందికి ఊతమిస్తుంది, మూడు నాలుగు సైజులు చిన్నదైతే చాలామందికి నిరుత్సాహమే మిగులుతుంది.

కారణం, శరీరం నెమ్మదిగానే తగ్గుతుంది. వారానికి అర కిలో నుంచి కిలో వరకు తగ్గడం ఆరోగ్యకరం. కిలో తగ్గితే నడుము సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతుంది, మనిషిని బట్టి కాస్త అటూ ఇటూ. 36 సైజు వేసుకునేవారు విశాఖ జగదాంబ జంక్షన్‌లో 34 ప్యాంటు కొన్నారనుకుందాం. తగ్గాల్సింది రెండంగుళాలు, అంటే 5 సెంటీమీటర్లు. తిండి అదుపులో పెట్టి రోజూ ఆర్కే బీచ్‌లో నడిస్తే (నడక ఒక్కటే చాలదు) రెండు మూడు నెలల్లో సాధ్యమే. అదే 30 కొంటే 15 సెంటీమీటర్లు తగ్గాలి. అన్నాళ్లూ ఆ ప్యాంటు బీరువాలో కనిపిస్తుంటే టెన్షన్ తప్ప ఒరిగేదేమీ ఉండదు.

ప్యాంటు పట్టకపోతే బరువు తగ్గనట్టే అనుకోవడం పొరపాటు. కంపెనీని బట్టి సైజు మారుతుంది, కొవ్వు కూడా మనం కోరిన చోటే ముందు కరగదు. టేపుతో నడుము కొలుచుకోవడమే నయం. మన దేశంలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే షుగరు, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది. ఈలోగా ఇప్పటి ఒంటికి సరిపడే బట్టలు కూడా దయచేసి ఉంచుకోండి.