జడవాయువులా, ఉత్కృష్ట వాయువులా?

సందేహం: పదో తరగతి చదువుతున్న మా పాప పుస్తకాల్లో హీలియం, నియాన్‌లను ఒకచోట జడవాయువులనీ, ఇంకోచోట ఉత్కృష్ట వాయువులనీ రాశారు. ఏది వాడాలి? ‘బయటి కర్పరం నిండింది కాబట్టి చర్య జరపవు’ అన్న వాక్యం సరైనదేనా?

సమాధానం: రెండు పేర్లూ వాడుకలో ఉన్నవే, నన్నడిగితే మాత్రం ఉత్కృష్ట వాయువులు అనే రాయమంటాను. జడం అంటే బొత్తిగా స్పందన లేనిది. 1894లో శాస్త్రవేత్తలు రేలీ, రామ్సే ఇదే కుటుంబానికి చెందిన ఆర్గాన్‌ని కనిపెట్టి, అది దేనితోనూ కలవడం లేదని గ్రీకులో సోమరి అనే అర్థమున్న మాటతోనే దానికి పేరు పెట్టారు. అప్పటికి అది సబబే. కానీ 1962లో కెనడాలో పనిచేస్తున్న నీల్ బార్ట్‌లెట్, ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ అనే ఫ్లోరిన్ సమ్మేళనం ఆక్సిజన్ అణువు నుంచే ఎలక్ట్రాన్‌ని లాగేస్తోందని గమనించి, ఇదే కుటుంబంలోని జెనాన్ నుంచి ఎలక్ట్రాన్ తీయడానికీ దాదాపు అంతే శక్తి సరిపోతుంది కదా అని ఆ సమ్మేళనాన్నీ జెనాన్‌నీ కలిపి చూశాడు, సమ్మేళనం వచ్చింది! ఆ తర్వాత జెనాన్ ఫ్లోరైడ్లు వరసగా తయారయ్యాయి. ఇక జెనాన్‌ని జడం అని ఎలా అంటాం? బంగారం, ప్లాటినం ఉత్కృష్ట లోహాలు, అంటే తేలిగ్గా చర్యకు లొంగనివి. ఈ వాయువులకూ ఆ అర్థమే అతుకుతుంది.

రెండో ప్రశ్న ఇంకా మంచిది, ఎందుకంటే ‘నిండింది’ అన్న మాట దగ్గరే పిల్లలు తికమకపడతారు. కర్పరం అంటే కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లు ఉండే పొర. హీలియంలో 2, నియాన్‌లో 2, 8 ఎలక్ట్రాన్లు, అక్కడ బయటి కర్పరం నిజంగానే నిండింది. ఆర్గాన్‌లో 2, 8, 8 ఉంటాయి, మూడో కర్పరంలో 18 పడతాయి కాబట్టి అది నిండలేదు, అయినా ఆర్గాన్ తేలిగ్గా చర్య జరపదు. ఆ కర్పరంలో నిండినవి ఎస్, పి అనే ఉపకర్పరాలు, అంటే కర్పరంలోని భాగాలు. అక్కడికి ఇంకో ఎలక్ట్రాన్ వస్తే కేంద్రకానికి దూరంగా ఉన్న నాలుగో కర్పరంలో చేరాలి, లోపలి 18 ఎలక్ట్రాన్లు అడ్డుండటంతో దాన్ని పట్టి ఉంచే ఆకర్షణ చాలదు. ఉన్నదాన్ని తీయబోతే, ఒక మోల్‌కి (అంటే నిర్ణీత సంఖ్యలో పరమాణువులకి) సోడియంకి 496 కిలోజౌళ్లు చాలితే ఆర్గాన్‌కి 1521 కావాలి. ఎలక్ట్రాన్‌ని తీసుకోవడమూ ఇవ్వడమూ రెండూ లాభం లేని పనులు, పంచుకోవడానికి జత లేని ఎలక్ట్రాన్ కూడా లేదు. స్థిరత్వం అంటే ఇదే. జెనాన్‌లో బయటి ఎలక్ట్రాన్లు మరీ దూరంగా ఉంటాయి కాబట్టి ఆ లెక్క 1170కి దిగుతుంది, బార్ట్‌లెట్‌కి దారి దొరికింది అక్కడే.

కాబట్టి పాపని ఇలా రాయమనండి: ‘హీలియం తప్ప మిగతా ఉత్కృష్ట వాయువుల బయటి కర్పరంలో ఎనిమిది ఎలక్ట్రాన్లు ఉండటం వల్ల అవి తేలిగ్గా చర్య జరపవు.’ అందులో ‘తేలిగ్గా’ అన్న మాట మాత్రం వదిలిపెట్టొద్దు.