టెక్ సందేహాలు: సేఫ్ తలుపు మీది నిమిషాలను ఎవరు కొలిచారు?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కున్నాం. నా దగ్గర ఒక పిస్టలు, వేటకు వాడే రెండు రైఫిళ్ళు ఉన్నాయి. ఇంట్లో తొమ్మిదేళ్ళ బాబు ఉన్నాడు. ‘24 తుపాకులు పడతాయి, 1200 డిగ్రీల వద్ద 75 నిమిషాల అగ్ని రక్షణ’ అని తలుపు మీద రాసి ఉన్న సేఫ్ ఒకటి తగ్గింపు ధరకు దొరుకుతోంది. పాస్‌పోర్టులు, మా ఆవిడ నగలు, కుటుంబ ఫొటోలున్న హార్డ్ డిస్కు కూడా అందులోనే పెట్టాలనుకుంటున్నాను. కొనవచ్చా?

జవాబు: ఆ ప్రకటనలోని మూడు అంకెలలో ఒక్కదాన్ని కూడా ఉన్నదున్నట్టుగా నమ్మవద్దు. అన్నిటికంటే ఎక్కువ పొరపాటు పడేది నిమిషాల దగ్గర కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

అగ్నిని తట్టుకునే సేఫ్‌లకు అమెరికాలో గట్టి ప్రమాణం యూఎల్ 72. యూఎల్ అంటే వస్తువుల భద్రతను పరీక్షించి ముద్ర వేసే అండర్‌రైటర్స్ లేబొరేటరీస్ సంస్థ. ఈ పరీక్షలో సేఫ్‌ను కొలిమిలో పెట్టి, వేడిని ఒక నిర్ణీత క్రమంలో పెంచుకుంటూ పోతారు. అయిదు నిమిషాలకు 1000 డిగ్రీల ఫారన్‌హీట్, పది నిమిషాలకు 1300, అరగంటకు 1550, గంటకు 1700 డిగ్రీలు, అంటే దాదాపు 927 సెల్సియస్. కొలిమి ఆపిన తరువాత కూడా సేఫ్‌ను బయటికి తీయకుండా, అది చల్లారేదాకా లోపలి వేడిని కొలుస్తూనే ఉంటారు, ఎందుకంటే మంట ఆరాక కూడా గోడల్లో నిలిచిన వేడి చాలాసేపు లోపలికి దిగుతూనే ఉంటుంది. అంతసేపూ లోపల 350 డిగ్రీల ఫారన్‌హీట్ (177 సెల్సియస్) దాటకపోతేనే కాగితాలకు పనికివచ్చే ‘క్లాస్ 350’ ముద్ర దక్కుతుంది.

తుపాకుల కోసం అమ్మే సేఫ్‌లలో చాలావాటికి ఈ ముద్ర ఉండదు. తయారీదారు తనకు నచ్చిన ఉష్ణోగ్రతను, తనకు అనుకూలమైన సమయాన్ని ఎంచుకుని, ఒక్కోసారి సొంత కొలిమిలోనే పరీక్షించి, వచ్చిన అంకెను తలుపు మీద అతికిస్తాడు. మీరు చూసిన 1200 డిగ్రీల ఫారన్‌హీట్‌ను యూఎల్ కొలిమి పది నిమిషాలలోపే దాటిపోతుంది. కాబట్టి ఆ 75 నిమిషాలు యూఎల్ వారి 60 నిమిషాలకంటే ఎక్కువని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. గడియారాన్ని ఎప్పుడు మొదలుపెట్టారు, లోపలి వేడిని కొలిచే పరికరాన్ని ఏ మూల పెట్టారు, లోపల ఎంత వేడిని ‘విజయం’గా లెక్కించారు, చల్లారే సమయాన్ని కలిపారా లేదా అని అమ్మేవారిని రాతపూర్వకంగా అడగండి. బయటి ప్రయోగశాల పేరు, పరీక్ష పేరు చెప్పగలిగితే కొంత విలువ ఇవ్వవచ్చు. చెప్పలేకపోతే, ఎంతో కొంత రక్షణ ఉంటుందన్నంతవరకే అనుకుని, ఆ అంకె కోసం అదనంగా ఒక్క డాలరు కూడా పెట్టవద్దు.

ఈ సేఫ్‌లలో వేడిని ఆపేది ఉక్కు కాదు. ఉక్కు వేడిని చకచకా లోపలికి పంపుతుంది. ఆపేది దాని వెనక ఉండే జిప్సం బోర్డు, అంటే మీ ఇంటి గోడలకు కొట్టిన డ్రైవాల్ లాంటిదే. జిప్సం బరువులో అయిదో వంతు దాని స్ఫటికంలో బంధించి ఉన్న నీరు. వేడి పెరిగినప్పుడు ఆ నీరు ఆవిరిగా మారుతూ వేడిని తాను తీసుకుంటుంది. నీరంతా అయిపోయాక ఇక ఆపేదేమీ ఉండదు. అందుచేత ఎన్ని పొరలు వేశారు, పైకప్పుకూ తలుపుకూ కూడా వేశారా, మూలల దగ్గర అతుకులు ఎలా ఉన్నాయి, వేడికి ఉబ్బి సందులు మూసే పట్టీ తలుపు చుట్టూ పూర్తిగా ఉందా అన్నవి చూడదగిన విషయాలు. దుకాణంలో తలుపు తీసి, అంచు వెంట చెయ్యి పెట్టి చూస్తే వీటిలో సగం మీకే తెలిసిపోతాయి. ఈ ఏర్పాటుకు ఒక పర్యవసానం కూడా ఉంది. నిప్పు నుంచి బయటపడిన సేఫ్ లోపల తడిగా ఉంటుంది. పూర్తిగా చల్లారక ముందు తెరిస్తే లోపలి వస్తువులకు గాలి తగిలి అంటుకోవచ్చు, చల్లారిన తరువాత ఆలస్యం చేస్తే తుపాకులు తుప్పు పడతాయి.

ఇప్పుడు మీ హార్డ్ డిస్కు సంగతి. కాగితానికి 350 డిగ్రీల దాకా వెసులుబాటు ఉంది కానీ, డిజిటల్ నిల్వ సాధనాలకు యూఎల్ పెట్టిన హద్దు 125 డిగ్రీల ఫారన్‌హీట్ (52 సెల్సియస్), తేమ 80 శాతం. పాస్‌పోర్టును చక్కగా కాపాడిన సేఫ్‌లోనే హార్డ్ డిస్కు చచ్చిపోవచ్చు. ఫొటోలకు మరో ప్రతి మరో ఊళ్ళోనో క్లౌడ్‌లోనో ఉండాలి, అంతకు మించిన మార్గం లేదు. నగల విషయానికి వస్తే, బంగారం 1064 సెల్సియస్ దగ్గర గానీ కరగదు కాబట్టి లోహానికి భయం లేదు. అయితే మన గుండ్ల పేరుల్లోనూ, రాళ్ళు పొదిగిన పాత నగల్లోనూ నింపే లక్క ఏ పాటి వేడికైనా మెత్తబడిపోతుంది. అటువంటి వాటిని బ్యాంకు లాకర్లో పెట్టడమే మేలు.

దొంగల విషయంలో తలుపు మీది అంకెలకంటే లోపల అతికించిన చిన్న లేబుల్ ముఖ్యం. అక్కడ యూఎల్ ‘రెసిడెన్షియల్ సెక్యూరిటీ కంటెయినర్’, వాడుకలో ఆర్‌ఎస్‌సీ, అని ఉండాలి. అందులో మొదటి స్థాయి అంటే ఒక మనిషి సుత్తి, గడ్డపార వంటి చేతి పనిముట్లతో అయిదు నిమిషాలు ప్రయత్నించినా తెరవలేకపోయాడని అర్థం. రెండో స్థాయిలో ఇద్దరు మనుషులు మరింత బలమైన పనిముట్లతో పది నిమిషాలు ప్రయత్నిస్తారు. నిజమైన దొంగతన నిరోధక సేఫ్‌లకు టీఎల్-15, టీఎల్-30 అని వేరే ముద్రలున్నాయి కానీ, రైఫిళ్ళు పట్టే పరిమాణంలో అవి వెయ్యి పౌండ్లు దాటిపోతాయి, ధర కూడా ఆ బరువుకు తగ్గట్టే ఉంటుంది. మూడు తుపాకులకు అది అనవసరమని నా అభిప్రాయం. రేకు మందం మాత్రం కచ్చితంగా అడగండి. గేజ్ అంకె పెరిగేకొద్దీ రేకు పలచనవుతుంది: 14 గేజ్ అంటే 1.9 మిల్లీమీటర్లు, 12 గేజ్ 2.7, 10 గేజ్ 3.4. తగ్గింపు ధరకు వచ్చే సేఫ్‌లలో తరచుగా కనిపించేది 14 గేజే, దాన్ని చేతి గ్రైండరు ఎంతోసేపు పట్టకుండా కోసేస్తుంది. కాలిఫోర్నియా రాష్ట్రం తన నిబంధనల్లో తుపాకుల సేఫ్ ఒకే పొర గోడతో ఉంటే కనీసం 12 గేజ్, తలుపుకు 7 గేజ్ పలక లేదా 12 గేజ్ రెండు పొరలు, అర అంగుళం మందాన మూడు ఉక్కు బోల్టులు ఉండాలని పేర్కొంది. మీరున్నది టెక్సస్ అయినా ఆ కొలతలనే మీ కనీస హద్దుగా పెట్టుకోండి.

ఇక 24 తుపాకులన్న మాట. అది దుర్భిణి బిగించని సన్నటి రైఫిళ్ళను ఒకదానికొకటి ఆనించి వేసిన లెక్క. అందులో సగం పడితే గొప్ప. మీకు మూడే ఉన్నా, కాగితాలకు అరలు కావాలి కాబట్టి ఆ పరిమాణం ఎక్కువేమీ కాదు.

నేలకు బిగించడం గురించి మీరు అడగలేదు, నిజానికి ముందు అడగవలసింది అదే. బిగించని సేఫ్‌ను పడదోసి, తలుపు పైకి వచ్చేటట్టు పెట్టుకుంటే గడ్డపార పని చాలా సులువవుతుంది, లేదా సేఫ్‌నే ట్రాలీ మీద పట్టుకుపోతారు. అయితే మీ ప్రాంతపు కొత్త ఇళ్ళలో చాలావాటికి నేల పోస్ట్-టెన్షన్ స్లాబు. కాంక్రీటు లోపల ఉక్కు తీగలను విపరీతమైన బిగువుతో లాగి ఉంచుతారు. డ్రిల్లు తగిలి తీగ తెగితే స్లాబుకూ, పక్కన నిలబడిన మనిషికీ కూడా ప్రమాదమే. గ్యారేజీ నేల మీద ఆ సంగతి సాధారణంగా హెచ్చరికగా ముద్రించి ఉంటుంది, ముందు దానికోసం వెతకండి. ఉంటే తీగలు ఎక్కడున్నాయో పరికరంతో గుర్తించగలిగిన వారి చేతనే రంధ్రాలు వేయించండి. స్థలం మాత్రం గ్యారేజీ వద్దు. కారు, పెట్రోలు, రంగు డబ్బాల మధ్య మంట ఎక్కువ, తలుపు తెరిచినప్పుడల్లా వీధికి కనిపిస్తుంది. కింది అంతస్తులో, బయటి గోడల మూలన, కాంక్రీటు మీద పెట్టండి. మేడ మీద గదుల నేలను సాధారణంగా చదరపు అడుగుకు 30, 40 పౌండ్ల భారం కోసమే లెక్క కడతారు.

పిస్టలును రైఫిళ్ళతో పాటు అదే సేఫ్‌లో, తూటా తీసి పెట్టండి. మంటల్లో విడి తూటాలు పేలినా వాటి ముక్కలు అంత వేగంగా పోవు కానీ, గొట్టంలో ఉన్న తూటా మామూలుగా కాల్చినట్టే దూసుకుపోతుంది. వెంటనే పేల్చగల స్థితిలో ఉన్న తుపాకీ పదిహేడేళ్ళ లోపు పిల్లలకు అందేలా నిర్లక్ష్యంగా వదిలేయడం టెక్సస్‌లో నేరం. దొంగకూ నిప్పుకూ ముందు మీ బాబునే దృష్టిలో పెట్టుకుని సేఫ్‌ను ఎంచుకోవాలి.

హెచ్-1బీ వీసా మీద ఉన్న పాఠకులకు ఒక మాట: వలసేతర వీసాలో ఉన్నవారు తుపాకీ కలిగి ఉండటాన్ని అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. సేఫ్ గురించి ఆలోచించే ముందు న్యాయవాదిని అడగండి.

ప్రశ్న: సేఫ్‌కు వేలిముద్ర తాళం మంచిదా, అంకెల మీటలు మంచివా, పాతకాలపు తిప్పుడు తాళం మంచిదా? ఫోన్ యాప్‌తో తెరిచేవి కూడా వచ్చాయి కదా.

జవాబు: యాప్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే దానికి జవాబు చిన్నది: వద్దు. వాల్టెక్ సంస్థ అమ్మిన వీటీ20ఐ అనే పిస్టలు పెట్టెను, దాని పిన్ తెలియకుండానే బ్లూటూత్ ద్వారా తెరవవచ్చని పరిశోధకులు 2017లో చూపించారు. ఆ లోపానికి బ్లూస్టీల్ అని పేరు పెట్టారు. ఫోన్‌లోంచి సేఫ్ తెరవడం వల్ల మీకు కలిసివచ్చేది రెండు సెకన్లు కూడా ఉండదు.

వేలిముద్ర తాళాలలో చవకవాటితో ఉన్న ప్రమాదం వేరు. కొత్త పెట్టెను, వేలిముద్ర నమోదు చేసేదాకా ఎవరి వేలికైనా తెరుచుకునేలా తయారుచేస్తారు. యజమాని నమోదు చేశాననుకుంటాడు, అది సరిగా జరగదు, పెట్టె అదే స్థితిలో ఉండిపోతుంది. తన వేలికి తెరుచుకుంటూనే ఉంటుంది కాబట్టి అతనికి అనుమానమే రాదు. 2023 అక్టోబరులో ఫోర్ట్రెస్ సంస్థ సుమారు 61,000 పెట్టెలను వెనక్కి పిలిచినట్టు అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్ ప్రకటించినప్పటికే ఒక పన్నెండేళ్ళ బాలుడి ప్రాణం పోయింది. మరుసటి ఏడాది మరికొన్ని సంస్థల పెట్టెలకూ ఇదే గతి పట్టింది. ఇప్పటికే మీ దగ్గర అటువంటిది ఉంటే, నమోదు చేయని వేలితో, ఇంట్లో మరొకరి వేలితో ఈ రోజే ప్రయత్నించి చూడండి. ఆ కమిషన్ జాబితాలో మీ మోడల్ ఉందేమో కూడా చూడండి.

అంకెల మీటల తాళం రోజువారీ వాడకానికి బాగుంటుంది, కానీ తాళం తయారీదారు ఎవరో, మోడల్ ఏమిటో అడిగి కొనండి. సేఫ్ మీద ఒక పేరు, తాళం మీద మరో పేరు ఉండటం మామూలే. 2025 ఆగస్టులో లాస్ వెగాస్‌లో జరిగిన డెఫ్‌కాన్ హ్యాకర్ల సదస్సులో ఇద్దరు పరిశోధకులు, అనేక బ్రాండ్ల సేఫ్‌లలో వాడే సెక్యురామ్ ప్రోలాజిక్ తాళాలను కోడ్ లేకుండా తెరిచే మార్గాలు రెండు చూపించారు. ఇక్కడ నయమైన సంగతి ఏమిటంటే, మంచి సేఫ్ తాళాలను బిగించే రంధ్రాల కొలతలు చాలావరకు ఒకేలా ఉంటాయి, కాబట్టి సేఫ్ పనివాడు గంటలోపే తాళం మార్చి పెట్టగలడు. అట్టడుగు ధర పెట్టెలను మాత్రం ఇందులో కలపకండి. వాటిలో బోల్టును చిన్న విద్యుదయస్కాంతం ఒక్కటే ఆపి ఉంచుతుంది, గట్టిగా కుదిపితే జారిపోయినవి ఉన్నాయి.

ఇంకొకటి, తయారీదారు దగ్గరా మీ సేఫ్ కోడ్ ఉండవచ్చు. 2023లో కోర్టు వారంటుతో వచ్చిన ఎఫ్‌బీఐకి లిబర్టీ సేఫ్ సంస్థ ఒక కొనుగోలుదారు సేఫ్ కోడ్‌ను అందజేసింది. పెద్ద దుమారం రేగాక, కోరినవారి కోడ్‌లను తమ రికార్డుల నుంచి తొలగిస్తామని ప్రకటించింది. వారంటు న్యాయబద్ధమే, దాని మీద నాకు అభ్యంతరం లేదు. ఎన్నో ఇళ్ళ సేఫ్‌ల కోడ్‌లు ఒకే కంపెనీ సర్వర్లో పోగుపడి ఉండటమే కలవరపెట్టే సంగతి. కొన్న రోజునే కోడ్ మార్చండి, తొలగించమని లేఖ రాయండి.

తిప్పుడు తాళానికి బ్యాటరీ అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ లేదు, యాభై ఏళ్ళు పనిచేస్తుంది. అరనిమిషం పట్టినా ఫరవాలేదనుకునే వారికి నేను చెప్పేది అదే.

ప్రశ్న: సైన్యం నుంచి రిటైరై వరంగల్‌లో ఉంటున్నాను. లైసెన్సున్న 12 బోర్ జంట గొట్టాల తుపాకీని బీరువాలో పెడుతున్నాను. అమెరికా సేఫ్‌ల వంటివి ఇక్కడ అవసరమా?

జవాబు: ఆ స్థాయి అగ్ని రక్షణ మీకు అంత అవసరం కాదు. అక్కడి ఇళ్ళు చెక్క చట్రాల మీద నిలబడతాయి, మీ ఇల్లు ఇటుక, కాంక్రీటు అయి ఉంటుంది. కానీ బీరువా చాలదు. దాని రేకు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది, తాళం చెవి ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలుసు. ఇంటికి అమ్మే చిన్న లాకర్లలో తుపాకీ నిలువునా పట్టదు, అయితే మీ తుపాకీ మధ్యకు విరిచేది కాబట్టి గొట్టాలను విడదీస్తే ఎనభై సెంటీమీటర్ల ఎత్తు సరిపోతుంది. సేఫ్‌లకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 550 ప్రకారం బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు ఉన్నదాన్ని ఎంచుకుని గోడకూ నేలకూ బిగించండి, తూటాలకు వేరే తాళంతో వేరే పెట్టె పెట్టండి. వానాకాలానికి ఆరబెట్టి మళ్ళీ వాడుకునే సిలికా జెల్ డబ్బా లోపల ఉంచండి. తోలు తొడుగులో మాత్రం నిల్వ చేయకండి, తేమ అందులోనే నిలుస్తుంది.

2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సుదారు తుపాకీని భద్రంగా దాస్తానని హామీ ఇచ్చి ఉంటాడు. తుపాకీ పోయినట్టయితే ఆ హామీ గురించే మొదట అడుగుతారు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళి ఆరు నెలలుండే వారైతే, ఎన్నికల సమయంలో అప్పగించినట్టే, తుపాకీని పోలీసు స్టేషన్లోనో లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గరో జమచేసి, దాని నంబరు రాసి ఉన్న రసీదును లైసెన్సు పుస్తకంతో పాటు వెంట ఉంచుకోండి.