మూడో అధ్యాయంలో ఆ మాస్టారు వద్దు

చిరంజీవికి,

నీ నవల మొదటి నాలుగు అధ్యాయాలు రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆపకుండా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. 1976 నాటి లండన్‌లో ముగ్గురు అమ్మాయిలు పంక్ బ్యాండ్ (గరుకుగా, వేగంగా సాగే ఒక రకం రాక్ సంగీతం) పెట్టడం గురించి తెలుగులో నవల రాస్తున్నానని నువ్వు చెప్పినప్పుడు ఆశ్చర్యపోయాను. చదివాక సంతోషపడ్డాను. "నేను లండన్ చూడలేదు, గిటార్ ముట్టుకోలేదు, ఇది రాసే అర్హత నాకుందా అండీ" అని అడిగావు. దానికి తర్వాత వస్తాను. ముందు మూడో అధ్యాయం సంగతి చూద్దాం.

అందులో ముగ్గురికీ ఒక మాస్టారు దొరుకుతాడు. పెద్దాయన, మంచివాడు, ఒకప్పుడు జాజ్ వాయించినవాడు. వాళ్ళ చేత ఆర్నెల్లు సాధన చేయిస్తాడు. నాలుగో అధ్యాయం చివరికి వాళ్ళకి వాయించడం వచ్చేస్తుంది, స్టేజీ ఎక్కడానికి సిద్ధమవుతారు. ఆ మాస్టారిని తీసెయ్యమ్మా.

ఆయన నీ నవల్లోకి ఎలా వచ్చాడో నాకు తెలుసు. మన ఇళ్ళల్లో సంగీతం అంటే సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, ఆ తర్వాత గీతాలు. కృతి దగ్గరికి రావడానికే ఏళ్ళు పడుతుంది. గురువు లేని విద్య గుడ్డి విద్య అని వింటూ పెరిగాం. ఆ పద్ధతి గొప్పది, నేను తక్కువ చేయను. కానీ నీ అమ్మాయిలు బతుకుతున్న చోట ఈ వరస తిరగబడింది. అక్కడ స్టేజీ ముందు, నేర్చుకోవడం తర్వాత. వాళ్ళు చేసిన కొత్త పని అదే. దాన్నే నువ్వు మాస్టారి చేతిలో పెట్టి పోగొట్టుకున్నావు.

స్లిట్స్ అనే ఆ కాలపు లండన్ ఆడపిల్లల పంక్ బ్యాండ్ సంగతి నీకూ తెలుసు, నీ ఉత్తరంలో వాళ్ళ పేరు రాశావు. 1976లో అందులో పాడే ఆరీ అప్‌కి పద్నాలుగేళ్ళు. అమెరికన్ గాయని పాటీ స్మిత్ కచేరీకి వెళ్తే అక్కడ డ్రమ్ములు వాయించే పాల్‌మాలివ్ పరిచయమైంది. మరుసటి ఏడాది మార్చికల్లా క్లాష్ బ్యాండ్ కచేరీలో స్టేజీ మీద ఉన్నారు. మే నెలలో అదే బ్యాండ్‌తో దేశమంతా టూర్. వాళ్ళ మొదటి ఆల్బమ్ మాత్రం 1979లో గానీ రాలేదు. మధ్యలో ఆ రెండేళ్ళు వాళ్ళు జనం ముందే నేర్చుకున్నారు. పాట మొదలుపెట్టేముందు 'వన్ టూ త్రీ ఫోర్' అని అరుస్తారు కదా, అది పాట నడక ఎంత వేగమో అందరికీ చెప్పడానికని వాళ్ళకి మొదట్లో తెలియదు. మిగతా బ్యాండ్లు అరుస్తున్నాయి కాబట్టి వీళ్ళూ ఎంత వీలైతే అంత వేగంగా అరిచేవాళ్ళు. తర్వాత పాట దాని దారిన అది నడిచేది.

తాళం తెలిసిన ఇంట్లో పుట్టిన నీకు ఇది చదివితే ఒళ్ళు జలదరించాలి. ఆ జలదరింపే నీ మూడో అధ్యాయం. లెక్క ఒక వేగం, గిటార్ ఒక వేగం, డ్రమ్ములు ఇంకో వేగం. ఒకళ్ళనొకళ్ళు తరుముకుంటూ పాట చివరికి చేరతారు. చేరాక ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ చూపు రాయి. ఆర్నెల్ల సాధన తర్వాత అలా చూసుకునే అవకాశం వాళ్ళకి ఉండదు.

నా సంగతి ఒకటి చెప్పాలి. పదో తరగతిలో మేం ముగ్గురం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఖాళీ టిఫిన్ బాక్సులూ బెంచీలూ వాయిస్తూ పాడేవాళ్ళం. సినిమా పాటలు కాదు, మేమే కట్టినవి. లెక్కల పరీక్ష మీద ఒకటి, సిటీ బస్సులో చేతులు వేసే మగవాళ్ళ మీద ఒకటి. మూడు వారాలు సాగింది. తర్వాత ఒక టీచర్ చూసి, ఆడపిల్లలేనా మీరు అని వరండాలో నిలబెట్టారు, ఇళ్ళకి కబురు పంపారు. అంతటితో అయిపోయింది. పదేళ్ళ తర్వాత దాన్ని కథ రాశాను. అందులో ముగ్గురూ జిల్లా పోటీకి వెళ్ళి మొదటి బహుమతి తెచ్చుకుంటారు, టీచర్ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. పత్రికలో వచ్చింది, మంచి పేరూ వచ్చింది. ఆ ముగ్గురిలో ఒకామె కథ చదివి మా ఇంటికొచ్చింది. "మనం గెలవలేదు కదే. ఎందుకు గెలిపించావు? ఆ మూడు వారాలు చాలవా?" అంది. నా దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచీ నా మనుషుల్ని గెలిపించాలని చెయ్యి లాగినప్పుడల్లా ఆమె మాట గుర్తొస్తుంది.

అందుకే నీ నవల ముగింపు గురించి ఇప్పుడే అడుగుతున్నాను. మన దేశంలోనే, శ్రీనగర్‌లో, ముగ్గురు స్కూలు అమ్మాయిలు 'ప్రగాష్' అని బ్యాండ్ పెట్టారు. ఆ మాటకి వెలుగు అని అర్థం. వాళ్ళది పంక్ కాదు, రాక్. 2012 డిసెంబర్‌లో ఒక పోటీలో వాయించారు. ఆన్‌లైన్‌లో బూతులు, బెదిరింపులు, ఆపైన వాళ్ళకి వ్యతిరేకంగా ముఫ్తీ (ముస్లిం మతపెద్ద) ప్రకటన. 2013 ఫిబ్రవరికల్లా బ్యాండ్ ఆపేశారు. ముఖ్యమంత్రి వాళ్ళ వైపు మాట్లాడినా ఆపేశారు. ఈ రెండు నెలల్ని ఎవరైనా కథ రాస్తే, చివర వాళ్ళు మళ్ళీ గిటార్లు పట్టుకున్నట్టు రాయడం ఎంత తేలికో చూడు. అలా రాస్తే ఆ అమ్మాయిలు నిజంగా పడ్డ భయాన్ని మనం చెరిపేసినట్టే.

ఇంకో మాట. రెండో అధ్యాయంలో నీ కథానాయిక జుట్టుకి రంగు వేసుకుని స్కూలుకి వెళ్తే అందరూ దూరం జరుగుతారు, అక్కడ 'వెలివేశారు' అని రాశావు. ఆ మాట కొట్టెయ్యి. తెలుగులో వెలి అంటే ఏమిటో మన ఊళ్ళల్లో చెరువు నీళ్ళు ముట్టుకోనివ్వకుండా ఉంచిన మనుషులకి తెలుసు. దాన్ని రంగు జుట్టుకి ఖర్చు పెట్టకూడదు. పైగా నువ్వు చెప్పేది కూడా అది కాదు. ఆరీ జర్మనీలో పుట్టిన పిల్ల. పాల్‌మాలివ్ స్పెయిన్ నుంచి వచ్చింది. ఎక్స్‌రే స్పెక్స్ బ్యాండ్‌లో పాడిన పాలీ స్టైరీన్ తండ్రి సోమాలియా మనిషి, తల్లి స్కాట్లండ్, ఐర్లండ్ మూలాలున్న తెల్లావిడ. వాళ్ళంతా జుట్టూ బట్టలూ మార్చక ముందే బయటివాళ్ళు. వేషం తర్వాత వచ్చింది. ఎలాగూ చూస్తారు కాబట్టి మేం చూపించిందే చూడండి అన్నట్టు. నీ ముగ్గురూ బ్యాండ్‌కి ముందు దేనికి బయట ఉన్నారు? ఒక్కొక్కరికీ వేరుగా ఆలోచించు. ఒకే బాధ ముగ్గురికీ పంచకు.

ఆ వేషానికి ఖరీదు ఉండేది. ఆరీని రోడ్డు మీద ఒకడు వెనక నుంచి కత్తితో పొడిచాడు, వేసుకున్న బట్టలు మందంగా ఉండబట్టి పెద్ద గాయం కాలేదు. ఇలాంటిది నీ నవల్లో వస్తే దాన్ని క్లైమాక్స్ చేయకు. మర్నాడు రిహార్సల్‌కి ఆమె ఏ దారిన వెళ్ళిందో, పక్కన ఎవరు నడిచారో రాయి.

పాటల దగ్గర నాకు కొంచెం కోపం వచ్చింది, ప్రేమతోనే చెప్తున్నాను. నీ అమ్మాయిలు "స్వేచ్ఛా విహంగాలం, సంకెళ్ళు తెంచుతాం" అని పాడుతున్నారు. పదిహేనేళ్ళ పిల్ల అలా అరవదు. స్లిట్స్‌కి షాపులో దొంగతనం చేసి పరిగెత్తడం మీద పాట ఉంది. పాలీ స్టైరీన్ ప్లాస్టిక్ సామాన్ల మీద, కొనుక్కోవడం మీద పాడింది, పళ్ళకి క్లిప్పులతో, వాటిని దాచుకోకుండా. మొన్న 2021లో లాస్ ఏంజిలిస్‌లో లిండా లిండాస్ అని నలుగురు పిల్లలు ఒక లైబ్రరీలో వాయించారు. డ్రమ్ములు వాయించే పాపకి అప్పుడు పదేళ్ళు. చైనా వాళ్ళకి దూరంగా ఉండమని మా నాన్న చెప్పాడని తోటి పిల్లవాడు ఆమెతో అన్నాడు. నేనూ చైనా దాన్నే అని ఈమె అంటే వాడు వెనక్కి జరిగాడు. పాట అక్కణ్ణుంచి వచ్చింది. క్లాసులో ఒక పిల్లవాడు, ఒక అడుగు వెనక్కి. నీ పాటలకీ అంత చిన్న చోటు వెతుకు.

ఇక అర్హత. లండన్ గురించి తెలుసుకోవాల్సింది ఉంది, తెలుసుకో. అప్పటి బ్యాండ్లకి సాధన గది ఎలా దొరికిందంటే, అప్పట్లో కూలగొట్టడానికని ఖాళీగా వదిలేసిన ఇళ్ళు ఆ ఊళ్ళో చాలా ఉండేవి, కుర్రకారు వాటిలో చేరి అద్దె లేకుండా బతికేవాళ్ళు. లండన్‌లో పంక్ బ్యాండ్లు వాయించే రాక్సీ క్లబ్‌లో వేయడానికి పంక్ రికార్డులు ఇంకా పెద్దగా లేవు కాబట్టి, అక్కడ రికార్డులు వేసే డాన్ లెట్స్ జమైకా సంగీతమైన రెగె రికార్డులు వేసేవాడు. స్లిట్స్ పాటల్లో ఆ బేస్ నడక అలా చేరింది. ఇవి చదివితే దొరుకుతాయి. కానీ నువ్వు చిన్నప్పుడు నాలుగేళ్ళు వీణ నేర్చుకున్నానని రాశావు. తీగ నొక్కీ నొక్కీ వేళ్ళ మీద గాట్లు పడటం, అవి పొక్కులై, కొన్నాళ్ళకి కాయ కాయడం నీకు తెలుసు. గిటార్ ఇనప తీగ కూడా అదే చేస్తుంది. నువ్వు రాసిన నాలుగు అధ్యాయాల్లో ఒక్కరికీ వేళ్ళు నొప్పి పుట్టలేదు. నీకు బాగా తెలిసింది వదిలేసి, తెలియని టెమ్స్ నది మీద రెండు పేజీలు రాశావు.

అర్హత ఇచ్చే మనిషి కోసం నువ్వు కూడా ఎదురుచూస్తున్నావేమో అని నాకు అనుమానం. అందుకే ఆ మాస్టారు అంత మంచివాడుగా వచ్చాడేమో. నన్ను ఆయన కుర్చీలో కూర్చోబెట్టకు తల్లీ. నా మాట నీకు నచ్చని చోట పోట్లాడు.

మూడో అధ్యాయం మళ్ళీ రాసి పంపు, తొందర లేదు. ఇంకొకటి, ఆ గదిలో చలి ఉందో లేదో ఎక్కడా రాయలేదు. డిసెంబర్ నెల, ఖాళీ ఇల్లు, కరెంటు కూడా అనుమానమే. వేళ్ళు కొంకర్లు పోయి ఉంటాయి. తీగ మీద వేలు ఆనుతుందో లేదో కూడా తెలిసి ఉండదు.

ఆశీస్సులతో,
అమ్మ లాంటి నీ పాఠకురాలు