గేమింగ్ ఫోన్ ఈఎంఐలో కొనాలా? ముందు బ్యాటరీ లెక్క చూడండి

ప్రశ్న: ఉద్యోగంలో చేరి ఏడాదైంది. ఇప్పుడున్న ఫోన్‌కు మూడేళ్లు. గేమ్ మధ్యలో బాగా నెమ్మదిస్తోంది, మధ్యాహ్నానికే ఛార్జింగ్ అయిపోతోంది. రోజూ రాత్రి మూడు గంటలు ఆడతాను. నాకు నచ్చిన మిడ్ రేంజ్ గేమింగ్ ఫోన్ ధర సరిగ్గా నా ఒక నెల జీతం. 12 నెలల ‘నో కాస్ట్’ ఈఎంఐ ఇస్తామంటున్నారు. ఖర్చులు పోను జీతంలో అయిదో వంతు మిగులుతుంది. బ్యాంకులో అర నెల జీతం దాచుకున్నాను. కొనేయమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. ఆరు నెలలు ఆగండి. అప్పుడు కూడా మీరు చూసిన ధరలో 70 శాతానికి మించని ఫోన్‌ను, డబ్బంతా ఒకేసారి కట్టి కొనండి. ఆటల మీద ఖర్చు దండగ అని నేననడం లేదు. రోజుకు మూడు గంటలు చేతిలో ఉండే వస్తువు బాగుండాలనుకోవడంలో తప్పేమీ లేదు. కాకపోతే ఈ రకం ఫోన్లలో దేనికి డబ్బు కడుతున్నామో, ఏది ముందు అరిగిపోతుందో తెలిసి కట్టాలి.

ముందు ఈఎంఐ సంగతి. ఫోన్ ధర 100 అనుకుందాం. అప్పుడు మీ జీతమూ 100. ఒకేసారి కట్టేవాళ్లకు 95కే ఇచ్చి, వాయిదాల వాళ్ల దగ్గర పూర్తి 100 తీసుకుంటున్నారంటే ఆ తేడా వడ్డీయే. 95 అప్పు తీసుకుని నెలకు 8.33 చొప్పున 12 నెలలు కట్టినట్టు. లెక్కగడితే ఏడాదికి దాదాపు 9.6 శాతం. ప్రాసెసింగ్ ఫీజు ఇంకో 1 పడితే 11 శాతం దాటుతుంది. అదే 5 వదులుకుని ఆరు వాయిదాల్లో తీర్చేస్తే వడ్డీ రేటు 18 శాతం దగ్గరికి పోతుంది, ఎందుకంటే అప్పును మీరు వాడుకున్నది సగం కాలమే. ఇక ‘12 శాతం ఫ్లాట్ వడ్డీ’ (మొదట తీసుకున్న పూర్తి అప్పు మీదే చివరిదాకా లెక్కేసే వడ్డీ) అన్నారా, నెలనెలా తగ్గే అసలు మీద చూస్తే అది 21 శాతం పైమాటే. కాబట్టి అమ్మేవాళ్లను అడగాల్సింది ఒకటే: ఇప్పుడే మొత్తం కట్టేస్తే ఎంతకిస్తారు?

వడ్డీ కన్నా నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది మీ బ్యాంకులో ఉన్న 50. మీ నెల ఖర్చు 80. ఉద్యోగం పోయినా, ఆరోగ్యం దెబ్బతిన్నా ఆ డబ్బు మూడు వారాలు కూడా రాదు. కనీసం మూడు నెలల ఖర్చు, అంటే 240, పక్కన ఉండాలి. నెలకు మిగిలే 20లో 8.33 ఈఎంఐకే పోతే, మీ మిగులులో 40 శాతానికి పైగా ఏడాది పాటు తాకట్టు పెట్టినట్టే.

ఈలోగా, ఉన్న ఫోన్ ఎందుకు మొరాయిస్తోందో ఒక సాయంత్రం కూర్చుని తేల్చండి. ఫుల్ ఛార్జ్ చేసి, ఛార్జర్ తీసేసి, వెనక కవర్ కూడా తీసి, ఎఫ్‌పీఎస్ (గేమ్ సెకనుకు గీసే బొమ్మల సంఖ్య), పింగ్ (గేమ్ సర్వర్ నుంచి జవాబు రావడానికి పట్టే మిల్లీసెకన్లు) తెర మీద కనిపించేలా పెట్టుకుని అరగంట ఆడండి. మొదటి నిమిషం నుంచే ఎఫ్‌పీఎస్ తక్కువగా ఉంటే చిప్ శక్తి చాలడం లేదు. మొదట బాగుండి పది పదిహేను నిమిషాలకు పడిపోతే అది వేడి. ఛార్జింగ్ 30 శాతం కిందికి దిగాకే తడబడుతున్నా, ఉన్నట్టుండి ఆఫ్ అయిపోతున్నా, ముసలి బ్యాటరీ ఆ క్షణానికి కావాల్సిన కరెంట్ ఇవ్వలేకపోతోందని అర్థం. ఎఫ్‌పీఎస్ నిలకడగా ఉండి పింగ్ మాత్రం 40 నుంచి 200కు ఎగిరిపడుతుంటే తప్పు నెట్‌ది. ఎంత ఖరీదైన ఫోన్ కొన్నా ఆ ఇబ్బంది మీతోనే వస్తుంది. రౌటర్ ఉన్న గదిలో, 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద ఒకసారి ఆడి చూడండి.

మధ్యాహ్నానికే ఛార్జింగ్ దిగిపోతోందన్నారు కాబట్టి మీ ఫోన్ విషయంలో నా మొదటి అనుమానం బ్యాటరీ మీదే. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అసలు బ్యాటరీ మార్పిస్తే కొత్త ఫోన్ ధరలో చిన్న వంతుతో పోతుంది, ఆరు నెలలు హాయిగా గడుస్తాయి. వెనక మూత ఏ మాత్రం ఉబ్బినట్టు కనిపించినా ఛార్జింగ్ పెట్టకుండా వెంటనే తీసుకెళ్లండి.

కొత్త ఫోన్‌లోనూ అసలు లెక్క ఇదే. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో ఉండేది సుమారు 19 వాట్-అవర్ల శక్తి. బరువైన గేమ్ గంటకు 5 వాట్-అవర్లు తాగుతుందనుకుంటే మూడు గంటలకు 15. అంటే ఆటకే బ్యాటరీలో దాదాపు 80 శాతం. మిగతా రోజు వాడకానికి ఇంకో సగం. మొత్తం రోజుకు 1.3 సైకిల్స్ (బ్యాటరీలో పట్టేదంతా ఒకసారి వాడితే ఒక సైకిల్), ఏడాదికి 470 పైన. ఆ బ్యాటరీ 800 సైకిల్స్‌కు 80 శాతం సామర్థ్యానికి దిగేదైతే, మీ చేతిలో ఇరవై నెలలకే ఆ గీత దాటుతుంది. మామూలుగా వాడేవాళ్లకు అదే ఫోన్ మూడేళ్లు వస్తుంది. అందుకే ఎన్ని నిమిషాల్లో ఫుల్ అవుతుందని కాక, ఎన్ని సైకిల్స్‌కు హామీ ఇస్తున్నారని చూడండి. 1600 సైకిల్స్ అని ప్రకటించే కంపెనీలూ ఉన్నాయి. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి ఫోన్ల ఎనర్జీ లేబుల్ మీద ఈ సంఖ్య వేయడం తప్పనిసరి. మీకు నచ్చిన మోడల్ అక్కడ కూడా అమ్ముతుంటే లేబుల్ వెతికి చూడండి. ఒక్కో దేశానికి బ్యాటరీ సైజు మారుస్తుంటారు, అది సరిపోల్చుకోండి.

బైపాస్ ఛార్జింగ్ ఉందో లేదో కూడా చూడండి. ఇది ఉంటే ఛార్జర్ పెట్టి ఆడేటప్పుడు కరెంట్ బ్యాటరీలోకి వెళ్లకుండా నేరుగా ఫోన్ సర్క్యూట్ బోర్డుకు వెళుతుంది. సైకిల్స్ మిగులుతాయి, వేడీ తగ్గుతుంది. రాత్రి ఒకే చోట కూర్చుని ఆడే మీలాంటివాళ్లకు 120 వాట్ల ఛార్జర్ కన్నా ఇది ఎన్నో రెట్లు మేలు.

చిప్ స్కోరు చూసి మోసపోయేది ఎక్కువమంది. ప్రకటనలో వేసేది చల్లగా ఉన్నప్పుడు, ఒక్కసారి పరిగెత్తిన వేగం. మీకు కావాల్సింది ఇరవయ్యో నిమిషపు వేగం. 3డీమార్క్ అనే వేగ పరీక్ష యాప్‌లోని వైల్డ్ లైఫ్ స్ట్రెస్ టెస్ట్ ఒకే పరీక్షను 20 సార్లు నడిపి, అతి తక్కువ స్కోరు అత్యధిక స్కోరులో ఎంత శాతమో చెబుతుంది; దాన్నే స్థిరత్వం అంటారు. ఉదాహరణకు ఒక ఫోన్ స్కోరు 100, స్థిరత్వం 55 శాతం. ఇంకోటి 80, స్థిరత్వం 90 శాతం. వేడెక్కాక మొదటిది 55కు పడిపోతుంది, రెండోది 72 దగ్గర నిలబడుతుంది. చవకైనది రెండోదే కావచ్చు. మంచి గేమింగ్ ఫోన్ల అసలు బలం ఇక్కడే ఉంది: లోపల పెద్ద వేపర్ చాంబర్ (ఆవిరితో వేడిని మోసే పల్చటి లోహపు డబ్బా) పెట్టి వేడిని వీపంతా పరుస్తారు. దానికి డబ్బు పెట్టొచ్చు.

144 హెర్ట్జ్ తెరకు (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చే తెర) మాత్రం అదనంగా కట్టకండి. మీరాడే గేమ్ ఆ ఫోన్‌లో 60 లేదా 90 ఎఫ్‌పీఎస్ దగ్గరే ఆపేస్తే మిగతా హెర్ట్జ్‌లు ఆటలో అక్కరకు రావు. ‘వర్చువల్ ర్యామ్’ అనేది స్టోరేజీలోంచి అరువు తెచ్చిన జాగా, నిజమైన ర్యామ్ అంత వేగం దానికి రాదు. 8 జీబీ అసలు ర్యామ్ చాలు, 12 ఉంటే మంచిదే. స్టోరేజీ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. పెద్ద గేమ్ ఒక్కోటి 20 జీబీ దాటుతుంది, చాలా మోడళ్లలో మెమరీ కార్డ్ స్లాట్ ఉండదు, నిండిపోతే ఫోన్ మొత్తం మందగిస్తుంది. 256 జీబీయే తీసుకోండి, అదీ యూఎఫ్ఎస్ 3.1 (స్టోరేజీ వేగాన్ని చెప్పే ప్రమాణం) లేదా ఆ పైది. కెమెరా ఈ వర్గానికి బలహీనత. 2 మెగాపిక్సెల్ మాక్రో లెన్స్ (బాగా దగ్గరి ఫొటోలకు) కెమెరాల సంఖ్య పెంచడానికి తప్ప పెద్దగా పనికిరాదు. మీకు ఫొటోలు ముఖ్యమైతే గేమింగ్ పేరున్న ఫోన్ కొనకండి.

డబ్బు సలహాలిచ్చేవాడిగా నేను అన్నిటికన్నా గట్టిగా పట్టుబట్టేది సెక్యూరిటీ అప్‌డేట్ల మీద. మీ బ్యాంకు యాప్, ఓటీపీలు ఉండేది ఇదే ఫోన్‌లో. అప్‌డేట్లు ఎన్నేళ్లిస్తారో కంపెనీ రాతపూర్వకంగా చెప్పాలి. ఆ కాలం మోడల్ విడుదలైన రోజు నుంచా, మీరు కొన్న రోజు నుంచా అన్నది కూడా చూసుకోండి. విడుదలై ఏడాదైన ఫోన్ చవగ్గా వస్తుంది, దాంతోపాటు ఒక ఏడాది అప్‌డేట్లూ పోతాయి. మీరు కొన్న రోజు నుంచి కనీసం మూడేళ్లు మిగలాలి.

ఇక ప్రణాళిక. నెలకు మిగిలే 20లో 12 ఫోన్ కోసం విడిగా, 8 అత్యవసర నిధిలో వేయండి. ఆరు నెలలకు ఫోన్ డబ్బు 72, నిధి 50 నుంచి 98. బ్యాటరీ మార్పిడి ఖర్చును మొదటి నెల 12లోంచి తీయండి. 70 లోపు ఫోన్, మిగిలితే కవర్, స్క్రీన్ గార్డ్. కొన్నాక ఆ 12 కూడా నిధిలోకే వెళ్లాలి, 240 అయ్యేదాకా. ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటగట్టబోతే బ్యాటరీ అరుగుదల అందులో ఉందేమో చదవండి, సాధారణంగా ఉండదు. గేమ్‌లో స్కిన్‌లు, పాస్‌లు కొనే అలవాటుంటే ఆ యాప్ స్టోర్‌లోంచి కార్డు వివరాలు తీసేసి, నెలకు ఒక మొత్తం వాలెట్‌లో వేసుకుని అందులోంచే వాడండి. చిన్న చిన్నగా పోయే ఈ డబ్బు రెండేళ్లలో ఫోన్ ధరను మించిపోగలదు.

ఫోన్ చేతికొచ్చిన రోజే పాత ఫోన్‌కు చేసిన అరగంట పరీక్షే దీనికీ చేయండి. 20 నిమిషాల తర్వాత ఎఫ్‌పీఎస్ సగానికి పడినా, పట్టుకోలేనంత కాలినా, వాపసు గడువు దాటకముందే తిరిగిచ్చేయండి. డబ్బాను, బిల్లును అప్పటిదాకా పారేయకండి.