జాజ్ ఆల్బమ్‌కి రివ్యూ రాయాలంటే ఏం వినాలి? ఒక్క బిల్ ఇవాన్స్‌తో మొదలుపెట్టి చూడండి

మీరు అడిగింది ఏంటంటే, పియానో వాళ్ళవి, పాడేవాళ్ళవి, గిటార్ వాళ్ళవి జాజ్ ఆల్బమ్స్ వింటున్నా, వాటి మీద తెలుగులో రివ్యూలు రాయాలనుంది, కానీ "చాలా బావుంది, ప్రశాంతంగా ఉంది" తర్వాత రెండో వాక్యం రావట్లేదు, రాసేవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి అని. నేను మా ఫ్రెండ్స్ గ్రూప్‌లో చాన్నాళ్ళుగా ఈ పనే చేస్తున్నా, పొద్దున ఉద్యోగం, రాత్రి హెడ్‌ఫోన్స్. చిన్నప్పుడు కొంతకాలం మృదంగం నేర్చుకోవడం తప్ప వేరే సంగీత జ్ఞానమేం లేదు. కాబట్టి ఇది పండితుడి సమాధానం కాదు, విని విని పట్టుకున్న పద్ధతి.

రెండో వాక్యం రాకపోవడానికి కారణం, మనం మొత్తం సౌండ్‌ని ఒకేసారి వింటాం. సినిమా పాటకి అలవాటైన చెవి కదా, ట్యూన్ వెతుక్కుంటుంది, ట్యూన్ అయిపోగానే మిగతాదంతా బ్యాక్‌గ్రౌండ్‌లోకి వెళ్ళిపోతుంది. జాజ్‌లో అసలు పని మొదలయ్యేదే ట్యూన్ అయిపోయాక. కచేరీలో పల్లవి పాడి కల్పనస్వరాల్లోకి వెళ్ళినట్టే ఇక్కడ కూడా ముందు అందరికీ తెలిసిన పాట వాయిస్తారు, తర్వాత ఆ పాట కింద ఉన్న కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) వరస అలాగే తిరుగుతూ ఉంటుంది, దాని మీద ఒక్కొక్కరూ సొంతంగా కట్టుకుంటూ పోతారు, చివర్లో మళ్ళీ పాటకొస్తారు. బార్ అంటే ఎక్కువగా నాలుగు బీట్ల చిన్న ముక్క. ఎక్కువ పాటలు 32 బార్లు, బ్లూస్ రకం పాటలైతే 12 బార్లు. తాళం వేసుకుంటూ బార్లు లెక్కపెట్టండి, నవ్వులాటకి చెప్పట్లేదు, నేను ఇప్పటికీ తొడ మీద వేసుకుంటా. ఒక రౌండ్ ఎక్కడ అయిపోయి ఇంకోటి ఎక్కడ మొదలైందో చేతికి తెలిస్తే చాలు, సోలో వాయించేవాడు ఆ గీత మీద ఆగాడా, దాటేసి అవతలికి దూకాడా అన్నది వినిపించడం మొదలవుతుంది. రివ్యూ రాయడానికి మీకు దొరికే మొదటి సరుకు అదే.

ఇక ఏ ఆల్బమ్స్‌తో అంటే, యాభై ఆల్బమ్స్ లిస్టులు నెట్ నిండా ఉన్నాయి, అవి వద్దు. బిల్ ఇవాన్స్ అనే ఒక్క పియానిస్ట్‌ని పట్టుకుని మూడు చోట్ల వినండి. ట్రియోతో (పియానో, బేస్, డ్రమ్స్, ముగ్గురే) "వాల్ట్జ్ ఫర్ డెబ్బీ", గిటారిస్ట్ జిమ్ హాల్‌తో "అండర్‌కరెంట్", గాయకుడు టోనీ బెనెట్‌తో చేసిన 1975 ఆల్బమ్. మీరడిగిన మూడు రకాలూ వచ్చేశాయి, పైగా మనిషి ఒకడే కాబట్టి పక్కన ఎవరున్నారన్న దాన్నిబట్టి ఆ చేతులు ఎలా మారుతున్నాయో తేలిగ్గా దొరికిపోతుంది.

మొదటిది "వాల్ట్జ్ ఫర్ డెబ్బీ". 1961 జూన్ 25, ఆదివారం, న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అనే బేస్‌మెంట్ క్లబ్. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఐదు సెట్లు వాయించారు, అన్నీ రికార్డ్ చేశారు. బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగల వాద్యం, కింద స్వరాలు దానివే) మీద స్కాట్ లఫారో, డ్రమ్స్ మీద పాల్ మోషన్. ఆ రోజు వాయించిన దాంట్లోంచి ముందు "సండే ఎట్ ద విలేజ్ వాన్‌గార్డ్" వచ్చింది, తర్వాత 1962లో ఇది. మొదటి పాట "మై ఫూలిష్ హార్ట్" పెట్టి పియానోని పట్టించుకోకండి, డ్రమ్స్ మాత్రమే వినండి. మోషన్ బ్రష్‌లతో వాయిస్తుంటాడు, చాలాచోట్ల దాన్ని తాళం అనడానికి కూడా లేదు, సింబల్ (డ్రమ్స్ పక్కనుండే లోహపు పళ్ళెం) మీద ఇసుక జారినట్టు ఒక చప్పుడు. రెండోసారి బేస్ మాత్రమే వినండి. లఫారో మామూలుగా పియానోతో పోటీపడి పైకెక్కి వాయించే రకం, ఈ పాటలో మాత్రం కింద స్వరాలు కొన్నే పట్టుకుని మోగనిస్తాడు. మూడోసారి పియానో. ఇవాన్స్ పెద్దగా ఏమీ కల్పించడు, పాటనే చాలా నెమ్మదిగా వాయిస్తాడు, కాకపోతే ప్రతి స్వరం కింద పెట్టే కార్డ్‌లో ఒక లోపలి గొంతు కదులుతూ ఉంటుంది. మూడుసార్లు అయ్యాక మామూలుగా వింటే గ్లాసుల చప్పుడు, ఎవరిదో నవ్వు, వెనక టేబుళ్ళ దగ్గర మాటలు కూడా వినిపిస్తాయి. ఇంత గొప్పగా వాయిస్తుంటే వాళ్ళు కబుర్లాడుకుంటున్నారు చూడండి, నాకు అక్కడ కోపం వస్తుంది. కానీ ఆ గది ఎంతుందో, మనం ఎంత దూరంలో కూర్చున్నామో చెప్పేది ఆ చప్పుళ్ళే.

టైటిల్ పాట గురించి రాసేటప్పుడు ఒకటి గమనించండి, మొదట మూడు లెక్కలో మొదలై, తర్వాత డ్రమ్స్ వచ్చేటప్పటికి నాలుగులోకి మారిపోతుంది, అక్కడ తొడ మీద చెయ్యి తడబడుతుంది, ఆ తడబాటే మీ వాక్యం. డెబ్బీ అంటే ఇవాన్స్ అన్న కూతురు.

ఈ ఆల్బమ్ గురించి ఎవరు రాసినా లఫారో చావుతో మొదలుపెడతారు. అది నిజమే, రికార్డింగ్ అయిన కొద్ది రోజులకే జూలై 6న కారు ప్రమాదంలో పోయాడు, 25 ఏళ్ళు. ఇవాన్స్ ఆ తర్వాత కొన్ని నెలల పాటు స్టేజ్ ఎక్కలేదు. కానీ వాయించేటప్పుడు ఆ ముగ్గురిలో ఎవరికీ అది తెలీదు కదండీ, మనకి తెలిసిన విషాదాన్ని తీసుకెళ్ళి వాళ్ళ వేళ్ళలో పెట్టడం నాకు నచ్చదు. చావుకీ ఆల్బమ్‌కీ నిజంగా సంబంధం ఉన్నది వేరే చోట. "సండే" ఆల్బమ్‌కి పాటలు ఏరేటప్పుడు లఫారో బాగా వినిపించేవి ఏరారు, మొదటి పాట, చివరి పాట రెండూ అతను రాసినవే. "డెబ్బీ"లో ఇవాన్స్ నెమ్మది పాటలు ఎక్కువ. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి అలా రాస్తే చదివేవాళ్ళకి ఉపయోగం.

కథ ఆల్బమ్‌ని మింగేసే ఇంకో ఉదాహరణ, పియానిస్ట్ కీత్ జారెట్ జర్మనీలో వాయించిన "కోల్న్ కాన్సర్ట్", 1975 జనవరి 24. తప్పు పియానో తెచ్చిపెట్టారు, చిన్నది, పై స్వరాలు డొక్కుగా, కింద స్వరాలు బలహీనంగా, పెడల్స్ సరిగ్గా పనిచెయ్యట్లేదు, ఏర్పాటు చేసింది ఒక టీనేజ్ అమ్మాయి, దాదాపు అర్ధరాత్రి మొదలైంది, అయినా వాయించాడు, సోలో పియానోలో అంతగా అమ్ముడైన ఆల్బమ్ ఇంకోటి లేదు. ఈ కథ వందసార్లు చదివుంటారు. రివ్యూ రాసేవాడు చెప్పాల్సింది ఆ డొక్కు పియానో మనకి ఎక్కడ వినిపిస్తోందో. మొదటి భాగం వింటే తెలుస్తుంది, అతని ఎడమ చెయ్యి ఒకే చిన్న ముక్కని పట్టుకుని నిమిషాల తరబడి తిప్పుతూ ఉంటుంది, ఎక్కువసేపు మధ్య స్థాయిలోనే తిరుగుతుంటాడు. రెండో భాగం నాకైతే సాగదీసినట్టుంటుంది, ఇది అంటే కొట్టేవాళ్ళున్నారని తెలుసు.

సరే, గిటార్. "అండర్‌కరెంట్" 1962లో రికార్డ్ చేశారు, ఇద్దరే, బేస్ లేదు డ్రమ్స్ లేవు. పియానో, గిటార్ జంట ఎందుకు కష్టమో ముందు తెలిస్తే ఆల్బమ్ విలువ తెలుస్తుంది. రెండూ కార్డ్స్ వాయించగలవు, రెండూ దాదాపు ఒకే మధ్య స్థాయిలో మోగుతాయి, ఇద్దరూ ఒకేసారి నిండుగా వాయిస్తే అంతా పేస్ట్ అయిపోతుంది. జిమ్ హాల్ ఏం చేస్తాడంటే, తగ్గిపోతాడు. రెండు మూడు తీగలు మాత్రమే, వాల్యూమ్ తక్కువ. మొదటి పాట "మై ఫన్నీ వాలెంటైన్". దీన్ని లోకమంతా ఏడుపు పాటలా నెమ్మదిగా పాడుతుంది, వీళ్ళిద్దరూ పరిగెత్తించారు. ఇవాన్స్ సోలో వాయిస్తున్నప్పుడు గిటార్ నాలుగు బీట్లూ టిక్ టిక్ టిక్ అని నడుపుతుంది, డ్రమ్స్ లేవన్న సంగతే గుర్తురాదు. ఆ చోటుని ఆపి మళ్ళీ పెట్టి వినండి. గిటార్ నడకకి అడ్డం రాకుండా అతని ఎడమ చెయ్యి బాగా ఖాళీ అయిపోతుంది, అదే మనిషి "డెబ్బీ"లో ఎంత నిండుగా వాయించాడో గుర్తుందిగా. చివర్లో ఉండే నెమ్మది పాటలు నాకు కొంచెం ఒకదానికొకటి కలిసిపోతాయి, "స్కేటింగ్ ఇన్ సెంట్రల్ పార్క్" తప్ప. కవర్ మీద నీళ్ళలో తేలుతున్న అమ్మాయి ఫొటో టోనీ ఫ్రిసెల్ తీసింది, దాని గురించి ఒక పేరా రాయకండి, అందరూ రాశారు.

గిటార్‌లో ఇంకొకరు కావాలంటే వెస్ మాంట్‌గోమరీ. పిక్ లేకుండా బొటనవేలితో మీటుతాడు, అందుకే ఆ టోన్ గుండ్రంగా ఉంటుంది. "స్మోకిన్ ఎట్ ద హాఫ్ నోట్"లో "నో బ్లూస్" పెట్టుకుని 12 బార్లు లెక్కపెట్టండి. ముందు ఒక్కొక్క స్వరం, తర్వాత అదే స్వరం రెండు స్థాయిల్లో జంటగా, ఆ తర్వాత పూర్తి కార్డ్స్, అలా మెట్లెక్కుతాడు, కొత్తవాళ్ళకి సోలో నిర్మాణం ఇంత స్పష్టంగా చూపించే మనిషి ఇంకొకరు లేరు. ఒక జాగ్రత్త, పేరు చూసి ఆల్బమ్ మొత్తం హాఫ్ నోట్ అనే క్లబ్‌లో లైవ్ అని రాసేయకండి. మొదట వచ్చిన ఎల్పీ రికార్డులో రెండు పాటలే క్లబ్‌వి, మిగతా మూడు తర్వాత స్టూడియోలో చేసినవి. జో పాస్ "వర్చువోసో" కూడా అందరూ చెప్తారు, ఒక్క గిటార్‌తో అన్నీ వాయించేస్తాడు, నోరు తెరుచుకుని వింటాం, కానీ నాకు నాలుగో పాటకి ఊపిరాడదు.

పాడేవాళ్ళ దగ్గరే రివ్యూ రాయడం అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే గొంతు బావుందన్న మాట ముందే తయారుగా ఉంటుంది. ఇక్కడే టోనీ బెనెట్, ఇవాన్స్ ఆల్బమ్ పనికొస్తుంది. ఇద్దరే మనుషులు, తొమ్మిది పాటలు, వాటిలో "మై ఫూలిష్ హార్ట్", "వాల్ట్జ్ ఫర్ డెబ్బీ", "సమ్ అదర్ టైమ్" మూడూ మీరు ఇప్పటికే ట్రియోతో విన్నవి! అదే పియానిస్ట్, అదే పాట, మధ్యలో 14 ఏళ్ళు. వరసగా పెట్టి వినండి. "సమ్ అదర్ టైమ్"లో ఇవాన్స్ ఎడమ చేతిలో రెండు కార్డ్స్ ఊయలలా అటూ ఇటూ తిరుగుతుంటాయి, ట్రియోలో దాని మీద అతనే పియానోతో పాడినట్టు వాయిస్తాడు, ఇక్కడ ఆ చోటు టోనీకి ఇచ్చేశాడు. టోనీ అప్పటికే పెద్ద హాళ్ళలో చేతులు చాచి పాడే స్టార్, గొంతు పెద్దది, నిజం చెప్పాలంటే కొన్నిచోట్ల ఈ చిన్న గదికి ఎక్కువే అయింది. కానీ వాక్యం చివర్లలో చూడండి, మాటని లాగకుండా వదిలేస్తాడు, ఆ వదిలిన సందులో పియానో ఒక చిన్న జవాబు చెప్పి తప్పుకుంటుంది. నాకు ఈ ఆల్బమ్ మొత్తంలో పాట కన్నా ఆ సందులే ఇష్టం. పాడేవాళ్ళ రివ్యూలో రాయాల్సింది ఇదే, మాటని బీట్ మీద వేశారా, వెనక వేశారా, ఎక్కడ ఊపిరి తీసుకున్నారు, మాట అర్థం కోసం ట్యూన్‌ని ఎక్కడ వంచారు.

దీనికి పూర్తిగా ఇంకో చివర గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ బెర్లిన్ కచేరీ, 1960 ఫిబ్రవరి 13. "మాక్ ద నైఫ్" మధ్యలో మాటలు మర్చిపోయింది, ఆగలేదు, మర్చిపోయిన సంగతినే మాటలుగా అల్లి, గాయకుడు లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతు కూడా అనుకరించి, తాళం ఒక్క వెంట్రుక కూడా జరక్కుండా పూర్తి చేసింది. ఆ రాత్రి వెనక గిటార్ వాయించింది మన జిమ్ హాలే. ఇంకో గాయని బిల్లీ హాలిడే "లేడీ ఇన్ శాటిన్" మాత్రం మొదట్లోనే వినకండి, 1958లో చేసింది, గొంతు పూర్తిగా అరిగిపోయింది, చుట్టూ ఆ వయొలిన్లు నాకు తీపెక్కువ. ముందు ఆమె 1930ల రికార్డింగ్స్ వింటే గానీ ఆ అరిగిన గొంతులో ఏం మిగిలిందో తెలీదు.

మన వైపు నుంచి ఒక దారి కావాలంటే విజయ్ అయ్యర్ "తీర్థ" వినండి, 2011ది. పియానో అతను, కర్ణాటక సంగీతాన్ని గిటార్ మీద వాయించే ప్రసన్న, హైదరాబాద్ నుంచి వెళ్ళిన నితిన్ మిట్టా తబలా. తాళం అలవాటున్న చెవికి ఇందులో పట్టు తొందరగా దొరుకుతుంది. పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారు గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్‌తో "రిమెంబర్ శక్తి" బృందంలో వాయించినవీ వినొచ్చు, జాజ్ అవునా కాదా అన్న గొడవ కామెంట్లలో పెట్టుకుందాం.

చివరిగా ఒక పనికొచ్చే విషయం. ఇప్పుడు స్ట్రీమింగ్‌లో ఈ పాత ఆల్బమ్స్ అన్నిటికీ వెనకాల ఆల్టర్నేట్ టేక్స్ (అదే పాటని ఇంకోసారి వాయించినవి) తగిలించి పెడుతున్నారు. "అండర్‌కరెంట్" అసలు ఎల్పీలో ఆరు పాటలే, యాప్‌లో "మై ఫన్నీ వాలెంటైన్" రెండుసార్లు కనిపిస్తుంది. రివ్యూకి ముందు ఆ ఆరూ ఎల్పీ వరసలో వినండి, రాయడం అయ్యాక రెండో టేక్ పెట్టుకోండి. మీరు ఏది రాశారో ఇక్కడే కింద పెడితే చదువుతా, ముఖ్యంగా "కోల్న్" రెండో భాగం నచ్చిందని ఎవరైనా కారణాలతో రాస్తే.