గాలివాన వస్తే గుండెదడ, నాకేమైంది?

ప్రశ్న: మాది కోనసీమ. 1996 నవంబరు తుఫానప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఇంటి పెంకులు ఎగిరిపోతుంటే మంచం కింద దూరాం, తెల్లారి చూస్తే దొడ్లో ఒక్క కొబ్బరిచెట్టు నిలబడి లేదు. తర్వాత కాస్త గాలి వేసినా ఏడ్చేదాన్ని. "ఊళ్ళో మనుషులే పోయారు, నీకేం పోయిందే, నోర్ముయ్" అనేవారు నాన్న. ఏడుపు మానేశాను. ఇప్పుడు గాలివానంటే గుండెదడ, నిద్ర పట్టదు. ఈసీజీ నార్మల్ అన్నారు. మా పాప ఏడిస్తే మాత్రం ఒళ్ళు మండిపోతుంది. చిన్నప్పటి సంగతి ఇంకా పట్టుకు వేలాడుతున్నానా?

జవాబు: వేలాడటం కాదమ్మా. తుఫాను గురించి మీరు రాసింది ఒక్క వాక్యం, నాన్నగారి మాట మాత్రం పొల్లుపోకుండా రాశారు, చూసుకున్నారా?

పెద్ద విపత్తు చూసిన పిల్లలు కూడా చాలామంది తేరుకుంటారు, "భయమేసిందా, ఇలా రా" అని దగ్గరికి తీసుకునే మనిషి ఉంటే. భయపడటమే తప్పన్నట్టు నోరు నొక్కేస్తే భయం పోదు సరికదా, దానికి సిగ్గు కూడా తోడవుతుంది. అమెరికన్ సైకాలజిస్టు మార్షా లైనహాన్ 1993లో ఇదే రాశారు: సున్నితమైన పిల్లల బాధని ఇంట్లో ఎప్పుడూ కొట్టిపారేస్తుంటే, వాళ్ళు అయితే దిగమింగుకుంటారు, లేదంటే ఒక్కసారిగా పేలిపోతారు. (ఆవిడ రాసింది ఇంకా తీవ్రమైన సమస్య గురించి, మీకు అదుందని కంగారు పడకండి.) 1998లో అక్కడే వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, చిన్నతనంలో తిట్లు, దెబ్బలు, ఇంట్లో తాగుడు లాంటివి నాలుగు రకాలో అంతకన్నా ఎక్కువో పడ్డవాళ్ళకి, అవేవీ లేనివాళ్ళతో పోలిస్తే డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం లాంటి వాటి రిస్కు నాలుగు నుంచి పన్నెండు రెట్లు కనిపించింది. రిస్కే సుమా, నుదుటిరాత కాదు.

మీ నాన్నగారిని దోషిని చెయ్యను. కొత్త మొక్క నాటితే కాపుకి ఆరేడేళ్ళు, అప్పటిదాకా ఇల్లెలా గడవాలో అని ఆయనకెంత టెన్షనో, అడిగినవాళ్ళు లేరు. అలాగని మీకు తగిలిన దెబ్బ అబద్ధమైపోదు.

పాప ఏడ్చినప్పుడు కోపం వస్తే, ముందు మీరు రెండు నిమిషాలు పక్కకెళ్ళి రండి, తర్వాత ఒక్క మాట అడగండి: "భయమేసిందా?" సలహా వద్దు, సముదాయింపు కూడా తర్వాతే. మీవారితో ఈ ఉత్తరమే చదివించండి, నోటితో చెప్పలేకపోతే.

ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. నిద్ర ఇంతగా పోయిందంటే మాత్రం సైకియాట్రిస్టుకి చూపించుకోవాల్సిందే, ఇలాంటి వాటికి కౌన్సెలింగ్ పద్ధతులు బాగా పనిచేస్తాయి, అవసరమైతేనే మందులు. థైరాయిడ్ టెస్టు ఇంతవరకు చేయించకపోతే అదీ చేయించండి, గుండెదడకి అదీ ఒక కారణమే.